కొత్త షాక్ అబ్జార్బరు కడుపులో గుడగుడ

1984 వేసవిలో విజయవాడలో మా చిన్నాన్న నడిపే టాక్సీకి వెనక షాక్ అబ్జార్బర్లు పోయాయి. గతుకు దాటిన తరవాత కూడా కారు ఉయ్యాలలా ఊగుతూనే ఉండేది. ఆయన అప్పుచేసి కొత్త జత కొన్నాడు. బిగించే ముందు ఒకదాన్ని చేతుల్లోకి తీసుకుని కడ్డీని లోపలికి నొక్కి చూశాడు. లోపలినుంచి గుడగుడమని చప్పుడు! అంతేకాదు, కడ్డీ కొంత దూరం బరువుగా కదిలి, ఉన్నట్టుండి ఖాళీలోకి జారినట్టు గబుక్కున దిగిపోయింది. ఇదేదో పాడైన సరుకు అనుకుని కొట్టుకు పోయి మార్చుకు వచ్చాడు. రెండో జత కూడా అలాగే గుడగుడలాడింది. ఈసారి కొట్టు యజమాని మార్చనన్నాడు. మాటా మాటా పెరిగింది. మొత్తంమీద మూడు రోజులు టాక్సీ కదల్లేదు. మూడు రోజుల సంపాదన పోయింది.

చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్ద వయసు మేస్త్రీ దగ్గరికి వెళ్ళాం. నేనూ వెంట ఉన్నాను. ఆయన ఒక షాక్ అబ్జార్బరును నిలువుగా పట్టుకుని కడ్డీని పూర్తిగా పైకి లాగాడు. తరవాత దాన్ని తలకిందులు చేసి, కడ్డీని నేలకు ఆనించి మెల్లగా నొక్కాడు. మళ్ళీ తిప్పి లాగాడు. ఇలా అయిదారు సార్లు చేసి, "ఇప్పుడు నొక్కండి" అని చిన్నాన్నకు ఇచ్చాడు. గుడగుడ మాయమైంది! కడ్డీ మొదటినుంచి చివరిదాకా ఒకే బరువుతో కదిలింది. "దీనికి రోగం లేదండీ. పెట్టెలో పడుకుని పడుకుని వచ్చింది, అంతే" అన్నాడు మేస్త్రీ.

రెండోదానికీ అలాగే చేశాడు. దాని గుడగుడ కూడా పోయింది. కాని ఆయన ఊరుకోలేదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను గొట్టానికి ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని, నన్ను కడ్డీ కదపమన్నాడు. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. "దీన్ని మాత్రం తిరిగి ఇచ్చెయ్యండి" అన్నాడు.

రెండూ కొత్తవే. రెండూ చప్పుడు చేసినవే. ఒకటి మంచిదెలా అయింది? రెండోది చెడ్డదని ఆయనకెలా తెలిసింది? దీనికి మంత్రాలేమీ లేవు. మీరు తొమ్మిదో తరగతిలో చదువుకునే భౌతికశాస్త్రం చాలు.

పేరులోనే పొరపాటు

ముందు ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. ఒక రాయిని పొడుగాటి రబ్బరు బ్యాండుకు కట్టి వేలాడదీయండి. రాయిని కాస్త కిందికి లాగి వదలండి. అది పైకీ కిందికీ చాలాసార్లు ఊగి, ఎప్పటికో ఆగుతుంది. ఇప్పుడు రాయి మునిగేలా కింద ఒక బకెట్టు నీళ్ళు పెట్టి మళ్ళీ లాగి వదలండి. ఈసారి నాలుగైదు ఊపులకే నెమ్మదిస్తుంది. రబ్బరు అదే, రాయి అదే. మరి ఊపులు ఎందుకు తగ్గాయి? రాయి కదలాలంటే నీటిని పక్కకు తొయ్యాలి. ఆ తొయ్యడంలో దాని శక్తి ఖర్చవుతుంది. ఇలా క్రమంగా అణగిపోయే ఊపులనే మీ పాఠ్యపుస్తకంలో అవరుద్ధ డోలనాలు అంటారు.

కారులో రబ్బరు బ్యాండు పని చేసేది స్ప్రింగులు, లేదా మనవాళ్ళు కమాన్లనే ఉక్కు పట్టీలు. గతుకు కుదుపును మొదట తీసుకునేవి అవే. షాక్ అబ్జార్బరు చేసేది నీటి పని. కుదుపు తిన్న స్ప్రింగు ఊగుతూ ఉండకుండా ఆ ఊపును అణచడమే దాని ఉద్యోగం. కాబట్టి 'షాకును పీల్చేది' అనే పేరు దానికి సరిగా అతకదు. ఇంజనీర్లు దీన్ని డాంపరు అంటారు. ఆ పేరే సరైనది.

ఊపు శక్తి ఎక్కడికి పోతుంది? 1840లలో ఇంగ్లండులో జేమ్స్ జౌల్ తెడ్లతో నీటిని కలియబెట్టి, యాంత్రిక శక్తి ఉష్ణంగా మారుతుందని కొలిచి చూపాడు. షాక్ అబ్జార్బరులో జరిగేదీ అదే. లోపలి నూనె సన్నని రంధ్రాల గుండా దూరి వేడెక్కుతుంది. గతుకుల రోడ్డు మీద గంటసేపు తిరిగి వచ్చిన కారు షాక్ అబ్జార్బరు గొట్టం వేడిగా ఉండడానికి కారణం ఇదే.

ఇది కేవలం సుఖ ప్రయాణానికి సంబంధించిన విషయం అనుకోకండి. ఊపు అణగకపోతే చక్రం రోడ్డును వదిలి గెంతుతుంది. గాలిలో ఉన్న చక్రానికి బ్రేకు వేసినా కారు ఆగదు, స్టీరింగు తిప్పినా తిరగదు. అందుకే కొత్త షాక్ అబ్జార్బరు మంచిదా కాదా అన్నది బిగించకముందే తేల్చుకోవలసిన సంగతి.

గొట్టంలో గొట్టం

నోటుబుక్కు తీసి ఈ బొమ్మ గీసుకోండి. నిలువుగా ఒక లావు గొట్టం, దానిలోపల ఒక సన్నని గొట్టం. లోపలి గొట్టం నిండా నూనె. ఆ నూనెలో ఒక పిస్టన్. పాత పుస్తకాల్లో దీన్నే ముషలకం అనేవారు. పిస్టన్‌కు బిగించిన మెరిసే ఉక్కు కడ్డీ పైకప్పులోని గైడు గుండా, రబ్బరు సీలు గుండా బయటికి వస్తుంది. పిస్టన్‌లో సన్నని రంధ్రాలు, వాటిని మూసీ తెరిచే పలుచని ఉక్కు బిళ్ళలు ఉంటాయి. ఇవే కవాటాలు. లోపలి గొట్టం అడుగున ఇంకో కవాటం ఉంది. దాని గుండా నూనె లోపలి గొట్టం నుంచి రెండు గొట్టాల మధ్య సందులోకి పోగలదు, తిరిగి రాగలదు. ఆ సందులో సగానికి పైగా నూనె, ఆ పైన గాలి ఉంటాయి. కొన్నిటిలో గాలి బదులు నత్రజని నింపుతారు.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న వెయ్యాలి. లోపల గాలి ఉంటేనే కదా ఇన్ని తంటాలు, అసలు గాలి లేకుండా పూర్తిగా నూనెతో నింపేస్తే పోదా?

పోదు. లెక్క వేసి చూడండి. కడ్డీ వ్యాసం 12 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని అడ్డుకోత వైశాల్యం సుమారు 1.13 చదరపు సెంటీమీటర్లు. కడ్డీ 10 సెంటీమీటర్లు లోపలికి దిగితే, 11.3 ఘన సెంటీమీటర్ల ఉక్కు కొత్తగా లోపలికి వచ్చిందన్నమాట. అంత నూనె చోటు ఖాళీ చెయ్యాలి. అంటే రెండు టీ చెంచాలకు పైనే. నూనెను నొక్కి కుదించడం మన వల్ల కాదు. 100 అట్మాస్ఫియర్ల పీడనం పెట్టినా దాని ఘనపరిమాణం నూటికి ఒక వంతు కూడా తగ్గదు. గాలి అలా కాదు. రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన నియమం మీకు తెలుసు: పీడనం రెట్టింపయితే ఘనపరిమాణం సగమవుతుంది. కాబట్టి పక్క గొట్టంలోని గాలి సర్దుకుని నూనెకు చోటిస్తుంది. గాలి లేకపోతే కడ్డీ అంగుళం కూడా దిగదు.

అంటే గాలి ఉండాల్సిందే. అయితే ఉండాల్సిన చోట ఉండాలి. బయటి గొట్టంలో ఉంటే అది సేవకుడు. లోపలి గొట్టంలోకి దూరితే దొంగ.

దొంగ ఎలా దూరుతుంది?

షాక్ అబ్జార్బరు నిలువుగా ఉన్నంతసేపూ చిక్కు లేదు. నూనె బరువైనది కనుక కిందికి చేరుతుంది, అడుగు కవాటం ఎప్పుడూ నూనెలో మునిగే ఉంటుంది. కాని ఫ్యాక్టరీ నుంచి అట్టపెట్టెలో పడుకోబెట్టి లారీ ఎక్కిస్తారు. కొట్టులో అలమారులోనూ నెలల తరబడి పడుకునే ఉంటుంది. పడుకోబెట్టిన సీసాలో నూనె ఎలా పరుచుకుంటుందో అలాగే ఇందులోనూ పరుచుకుంటుంది. గాలి అడుగు కవాటం దాకా వస్తుంది. కుదుపులకు, కడ్డీ కదలికలకు కొంచెం కొంచెంగా నూనె ఇవతలికి, గాలి అవతలికి చేరతాయి.

ఇప్పుడు కడ్డీ నొక్కితే ఏమవుతుంది? పిస్టన్ ఒకసారి నూనెను, ఒకసారి గాలిని నెడుతుంది. నూనె సన్నని రంధ్రంలో దూరడానికి మొరాయిస్తుంది, గాలి ఇట్టే జారిపోతుంది. అందుకే చేతికి ఒకచోట బరువు, ఒకచోట ఖాళీ తెలుస్తుంది. నూనె, గాలి బుడగలు కలగలిసి రంధ్రాల్లోంచి పోతూ ఉంటే గుడగుడ వినిపిస్తుంది. నిండు కూజాను ఒక్కసారిగా వంచితే నీళ్ళు గుబుక్ గుబుక్‌మని పడతాయి చూశారా? నీరు బయటికి, గాలి లోపలికి ఒకే దారిలో తోసుకుంటాయి. ఇదీ అలాంటిదే.

ఈ ఖాళీ ఎంత ప్రమాదమో మరో చిన్న లెక్క. లోపలి గొట్టం వ్యాసం 30 మిల్లీమీటర్లు అనుకుంటే దాని వైశాల్యం 7 చదరపు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. అందులో 10 ఘన సెంటీమీటర్ల గాలి చేరిందనుకోండి. నొక్కేటప్పుడు దాదాపు 1.4 సెంటీమీటర్ల దూరం పిస్టన్ ఏ పనీ చెయ్యదు. మామూలు తారురోడ్డు మీది చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళకు చక్రం కదిలేది కూడా సుమారు అంతే! అంటే పెద్ద గుంట వస్తే తప్ప ఆ షాక్ అబ్జార్బరు ఉన్నా లేనట్టే.

నర్సమ్మ చేసే పని

మేస్త్రీ చేసిన పనిని ఇప్పుడు అర్థం చేసుకుందాం. ఆస్పత్రిలో ఇంజెక్షను ఇచ్చే నర్సును గమనించారా? మందుసీసాను తలకిందులుగా పట్టుకుని మందు లాగుతుంది. ఎందుకని? సూది మొన మందులో మునిగి ఉండాలి, లేకపోతే గాలి వస్తుంది. తరవాత సూదిని పైకి ఎత్తి కొంచెం నొక్కుతుంది. ఎందుకని? బుడగ పైకి తేలుతుంది, పైన దారి ఉంటే మొదట అదే బయటికి పోతుంది.

షాక్ అబ్జార్బరులో సూది స్థానంలో ఉన్నది అడుగు కవాటం. దాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు. లాగేటప్పుడు అడుగు కవాటం కిందికి ఉండాలి. అప్పుడది నూనెలో మునిగి ఉంటుంది, లోపలి గొట్టంలోకి నూనె మాత్రమే వస్తుంది. నొక్కేటప్పుడు అడుగు కవాటం పైకి ఉండాలి. అప్పుడు లోపలి గాలి పైకి తేలి, కవాటం గుండా ముందుగా బయటి గొట్టంలోకి పోతుంది. అందుకే మేస్త్రీ నిలబెట్టి లాగాడు, తలకిందులు చేసి నొక్కాడు. తలకిందులుగా ఉండగానే తిరిగి లాగితే? వచ్చిన గాలిని మళ్ళీ లోపలికి పిలిచినట్టే. చాలామంది ఈ తప్పే చేసి, ఎంత చేసినా గుడగుడ పోవడం లేదంటారు.

ఒక్కసారికి గాలి అంతా పోదు. నాలుగు నుంచి ఆరు సార్లు, నెమ్మదిగా చెయ్యాలి. తొందరపడి గబగబా కొడితే మజ్జిగ చిలికినట్టు నూనెలో నురగ పుడుతుంది. నురగ కూడా గాలే. అలా అయితే దాన్ని కాసేపు నిలబెట్టి ఉంచితే నురగ విరిగిపోతుంది, అప్పుడు మళ్ళీ మొదలుపెట్టవచ్చు. పని పూర్తయ్యాక బిగించేదాకా నిలువుగానే ఉంచాలి. తిరిగి బల్లమీద పడుకోబెట్టి భోజనానికి వెళితే పని మొదటికి వస్తుంది.

ఈ పని మన పల్లెలకు కొత్తదేమీ కాదు. చేతిపంపు ఎండిపోతే చెంబుడు నీళ్ళు పోసి కొడతాం. ఇంజనుతో నూతిలోని నీళ్ళు తోడే రైతు, పంపులో గాలి ఉంటే నీరెక్కదని మొదట గొట్టం నిండా నీళ్ళు పోస్తాడు. ఫుట్ వాల్వు కారుతూ ఉంటే ఆ నీళ్ళలో ఇంత పేడ కూడా కలుపుతాడు. ఆ ఫుట్ వాల్వు, మన అడుగు కవాటం అన్నదమ్ముల్లాంటివి.

మీకు షాక్ అబ్జార్బరు దొరకకపోతే సూది లేని కొత్త సిరంజి ఒకటి తెచ్చుకోండి. దాన్ని సగం దాకా కొబ్బరినూనెతో నింపి, గాలి లేకుండా చేసి, మూతిని వేలితో గట్టిగా మూసి నొక్కండి. పిస్టన్ కదలదు. ఇప్పుడు చిన్న బుడగను లోపలికి రానిచ్చి, మళ్ళీ మూసి నొక్కండి. ఎంత దిగిందో సిరంజి మీది గీతల్లో చదవండి. ఆ తరవాత వేలు తీసి, సిరంజిని అడ్డంగా, నిలువుగా, తలకిందులుగా పట్టి నొక్కుతూ, బుడగ ఏ స్థితిలో ముందు బయటికి పోతుందో, ఏ స్థితిలో లోపలే ఉండిపోతుందో రాసుకోండి. చెవితో కూడా వినండి.

ఏ చప్పుడు దేనిది?

గాలి తీసేశాక మిగిలిన చప్పుళ్ళే అసలు పరీక్ష. గాలి ఉండగా విన్న చప్పుడును బట్టి తీర్పు చెప్పడం, పరుగెత్తి వచ్చినవాడి నాడి పట్టుకుని జ్వరం ఉందనడం లాంటిది.

కడ్డీ కదిలినంతసేపూ సన్నగా, ఒకే తీరుగా 'స్స్...' మని వినిపిస్తే భయం లేదు. అది రంధ్రాల్లో నూనె పోయే చప్పుడు. చలికాలం తెల్లవారుజామున నూనె స్నిగ్ధత ఎక్కువ కనుక కడ్డీ కాస్త బరువుగా, మధ్యాహ్నం తేలిగ్గా కదలవచ్చు. కడ్డీని చివరిదాకా లాగినప్పుడో నొక్కినప్పుడో 'దబ్' మంటే అది హద్దుకు తగిలిన చప్పుడు, అంతకు మించి ఏమీ లేదు. లాగుడు నుంచి నొక్కుడుకు దిశ మారేటప్పుడు అతి మెల్లగా 'టిక్' మనడం కవాటం బిళ్ళలు తమ చోట కూర్చునే చప్పుడు. అదీ మామూలే.

ఇంకొక మాట. లాగడం బరువుగా, నొక్కడం తేలిగ్గా ఉంటే దాన్ని లోపం అనుకోకండి. చాలా కార్ల షాక్ అబ్జార్బర్లను కావాలనే అలా చేస్తారు. గతుకు తగిలినప్పుడు చక్రం సులువుగా పైకి లేవాలి, కాని నొక్కుకున్న స్ప్రింగు విడివడేటప్పుడు దాన్ని గట్టిగా పట్టి ఆపాలి.

ఇప్పుడు అనుమానించవలసినవి చూద్దాం. దిశ మారిన ప్రతిసారీ 'టక్' మని లోహం లోహానికి కొట్టుకున్నట్టు వినిపించి, ఆ దెబ్బ చేతికి కూడా తెలిస్తే, లోపల ఏదో వదులుగా ఉంది. కడ్డీ చివర పిస్టన్‌ను పట్టి ఉంచే నట్టు కావచ్చు, అడుగు కవాటం కావచ్చు. మా చిన్నాన్న రెండో షాక్ అబ్జార్బరులో మేస్త్రీ విన్నది ఇదే. గుడగుడ పోయినా ఆ 'టక్' పోలేదు. పైగా మొదటిదానిలో అది లేదు. గాలి చప్పుడుకు ఒక స్వభావం ఉంది: అది ప్రతిసారీ చోటు మారుస్తుంది, గాలి తీస్తే తగ్గుతుంది. వదులైన లోహం చప్పుడు చోటు మార్చదు, తగ్గదు. నూరు మాటలెందుకు, ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే.

కడ్డీ కదులుతూ ఉంటే 'కరకర' మని రాసుకున్నట్టు వినిపిస్తే, కడ్డీ వంగిందేమో చూడాలి. కడ్డీని లాగి పట్టి, దాన్ని తన చుట్టూ తాను తిప్పుతూ వెలుతురులో గమనించండి. వంగిన కడ్డీ మీది మెరుపు వంకర పోతుంది. పైకి కనపడని గీత ఉన్నా మెత్తని గుడ్డతో తుడిస్తే నూలుపోగు పట్టుకుంటుంది. అలాంటి గీత కొద్ది రోజుల్లోనే సీలును కోసేస్తుంది, నూనె కారిపోతుంది. ఈ గీతలు చాలాసార్లు ఫ్యాక్టరీలో పడవు. కడ్డీ తిరగకుండా పట్టకారుతో పట్టుకునే తొందర మెకానిక్కుల చేతుల్లోనే పడతాయి.

ఆరుసార్లు గాలి తీసినా గుడగుడ పోకపోతే? లేదా పోయినట్టే పోయి, నిలువుగా ఉంచినా పది నిమిషాల్లో తిరిగి వస్తే? అప్పుడు లోపల నూనె తక్కువై ఉండాలి, లేదా అడుగు కవాటం సరిగా మూసుకోకపోయి ఉండాలి. సీలు దగ్గర వేలితో తడిమి చూడండి. ఏదో పలుచగా జిడ్డు తగిలితే అది బిగింపులో రాసిన నూనె కావచ్చు. గొట్టం మీదికి ధారగా జారి ఉంటే, పెట్టె అట్టకు మరక అంటి ఉంటే, దాన్ని తిరిగి ఇవ్వాల్సిందే.

వినడానికి మేస్త్రీ వాడిన స్క్రూడ్రైవరు ఉపాయం చిన్నదేమీ కాదు. ధ్వని గాలిలో కంటే ఉక్కులో బాగా ప్రయాణం చేస్తుంది. 1816లో ఫ్రాన్సులో లెన్నెక్ అనే వైద్యుడు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడు. అదే మొదటి స్టెతస్కోపు. స్క్రూడ్రైవరు మెకానిక్కు స్టెతస్కోపు. కాని వినేటప్పుడు మొన గొట్టం వైపు, పిడి చెవి వైపు ఉండాలి సుమా! పిడి చెవి వెనక ఎముకకు ఆనించాలి గాని చెవి లోపలికి పెట్టకూడదు. అలాగే జతలో రెంటినీ ఒకదాని తరవాత ఒకటి వినాలి. ఒక్కదాన్నే వింటే అది మామూలో కాదో పోల్చడానికి మనకు ఆధారం ఉండదు. రెండూ ఒకే మూసలోవి కనుక ఒకటి రెండోదానికి కొలబద్ద.

ఇదంతా బిగించక ముందే ఎందుకు? బిగించాక చప్పుడు వచ్చే చోటు చెప్పడం చాలా కష్టం. వీణ తీగ నాదాన్ని కుండ పెంచినట్టు, కారు రేకు శరీరం ప్రతి చప్పుడునూ పెంచి నలుదిక్కులా పంచుతుంది. వదులైన రబ్బరు బుష్ చప్పుడు కూడా షాక్ అబ్జార్బరు చప్పుడులాగే వినిపిస్తుంది. విప్పి, మార్చి, మళ్ళీ బిగించడానికి కూలీ వేరే. గాలి తియ్యకుండా బిగించినా కొద్ది కిలోమీటర్లు తిరిగేసరికి గాలి దానంతట అదే పైకి చేరి, గైడు దగ్గరి సందుల గుండా బయటి గొట్టంలోకి పోవడం కద్దు. అందుకే కొందరు మెకానిక్కులు ఈ పనిని పట్టించుకోరు. నా మటుకు నాకు ఆ పద్ధతి నచ్చదు. ఆ మొదటి కిలోమీటర్లలోనే బ్రేకు వెయ్యాల్సి వస్తే?

అదే గుడగుడ, వేరే తీర్పు

ఇంతవరకు చెప్పినది జంట గొట్టాల రకానికి. 1950లలో ఫ్రెంచి ఇంజనీరు క్రిస్టియన్ బూర్సియే ద కార్బన్ ఒంటి గొట్టపు రకాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఇందులో రెండో గొట్టం ఉండదు. ఒకే గొట్టంలో నూనె ఒకవైపు, ఎక్కువ పీడనంతో నింపిన నత్రజని ఒకవైపు, రెంటి మధ్యా అటూ ఇటూ జరిగే అడ్డు పిస్టన్ ఉంటాయి. గాలి, నూనె ఎప్పుడూ కలవవు. కనుక దీన్ని పడుకోబెట్టినా, తలకిందులుగా బిగించినా బాధ లేదు, గాలి తీసే పనే లేదు. మరి ఇది గుడగుడలాడితే? అడ్డు పిస్టన్ సీలు తప్పి వాయువు నూనెలోకి వచ్చిందన్నమాట. జంట గొట్టాలదానిలో 'రోగం లేదు' అన్న చప్పుడే ఇక్కడ రోగ లక్షణం! కాబట్టి చెవి పెట్టే ముందు ఇది ఏ రకమో పెట్టె మీద చదవండి. పెట్టెలో తయారీదారు వేసిన కాగితం ఉంటే అందులో చెప్పిన తీరునే పాటించాలి.

వాయువు నింపినవాటిని ఇంకో విధంగానూ గుర్తుపట్టవచ్చు. కడ్డీని కట్టి ఉంచిన పట్టీ తెంచగానే కడ్డీ దానంతట అదే మెల్లగా పైకి లేస్తుంది. పిల్లలు దీన్ని చూసి లోపల స్ప్రింగు ఉందనుకుంటారు. స్ప్రింగు కాదు. లోపలి పీడనం పిస్టన్‌కు రెండు వైపులా ఒకటే, కాని కింది వైపు కంటే పై వైపు వైశాల్యం కడ్డీ మందం మేరకు తక్కువ. ఆ తేడాయే కడ్డీని నెడుతుంది. వాతావరణ పీడనం కంటే లోపలి పీడనం చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు ఎక్కువ అనుకుంటే, మన 1.13 చదరపు సెంటీమీటర్ల కడ్డీ మీద పడే బలం 5.65 కిలోల బరువుకు సమానం. పట్టీ తెంచాక కడ్డీ లేవకపోతే వాయువు ఎక్కడో కారిపోయి ఉంటుంది. దానికి చప్పుడు కూడా ఉండదు!

జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఈ పరీక్షలు పెద్దవాళ్ళ సమక్షంలోనే చెయ్యండి. వాయువు నింపిన షాక్ అబ్జార్బరును కొయ్యడం, బెజ్జం వెయ్యడం, మంటకు చూపడం ప్రాణాంతకం. చుట్టు స్ప్రింగు బిగించి ఉన్న రకాన్ని విప్పడం మీ పని కాదు. నొక్కుకుని ఉన్న ఆ స్ప్రింగు జారితే మనిషిని కొట్టి పడేస్తుంది.

చేతి పరీక్షకు ఒక హద్దు ఉందని కూడా తెలుసుకోండి. సన్నని రంధ్రంలో నూనె దూరేటప్పుడు ఎదురయ్యే నిరోధం వేగంతోపాటు మామూలుగా పెరగదు. వేగం రెట్టింపయితే నిరోధం దాదాపు నాలుగు రెట్లవుతుంది. అందుకే వేగం హెచ్చినప్పుడు తెరుచుకునే కవాటాలు అమర్చారు. రోడ్డు మీద గుంటలో పడ్డ చక్రం పిస్టన్‌ను తోసే వేగం మన చేతులకు రాదు. కనుక చేత్తో నొక్కి 'ఇది మెత్తన, ఇది గట్టి' అని బలం తేల్చడం కుదరదు. దానికి ఫ్యాక్టరీల్లో యంత్రాలున్నాయి. చేయీ చెవీ చెప్పగలిగింది గాలి ఉందా, ఏదైనా వదులుగా ఉందా, రాసుకుంటోందా, కారుతోందా అన్నంతవరకే.

మా చిన్నాన్న ఆ 'టక్' మన్న షాక్ అబ్జార్బరుతో కొట్టుకు వెళ్ళినప్పుడు మేస్త్రీ కూడా వెంట వచ్చాడు. యజమాని చెవి దగ్గర స్క్రూడ్రైవరు పెట్టి వినిపించాడు. ఈసారి గొడవ జరగలేదు. యజమాని అలమారులోంచి ఇంకొకటి తీసి, అక్కడే నిలబెట్టి లాగి, తిప్పి నొక్కి, తనే విని ఇచ్చాడు. ఆ మరునాటినుంచి ఆ కొట్టులో పెట్టెలన్నీ గోడవారన నిలబడి ఉండడం నేను చూశాను.

ఇక మీకొక లెక్క. చాలా వాహనాల్లో షాక్ అబ్జార్బరును నిట్టనిలువుగా కాక, కొంత వాలుగా బిగిస్తారు. వాలు పెరుగుతున్న కొద్దీ బయటి గొట్టంలో నూనె మట్టం అడుగు కవాటానికి దగ్గరవుతుంది. మీరు గీసిన బొమ్మలో బయటి గొట్టం పొడవు 30 సెంటీమీటర్లు, వ్యాసం 5 సెంటీమీటర్లు, నిలువుగా ఉన్నప్పుడు నూనె ఎత్తు 18 సెంటీమీటర్లు అనుకోండి. లోపలి గొట్టం ఉన్న సంగతి ప్రస్తుతానికి మరిచిపోయి, అడుగు మధ్యలో ఉన్న కవాటం ఎన్ని డిగ్రీల వాలు దాకా నూనెలో మునిగి ఉంటుందో కనుక్కోండి. లెక్క కుదరకపోతే ఒక గాజు సీసాలో రంగునీళ్ళు పోసి, వంచుతూ, కోణమానినితో కొలవండి.